మెట్టు దిగి మెట్టెక్కే పేరు

హెస్ట్‌వోయ దీవి, ఉత్తర నార్వే
9 అక్టోబరు 1956

సిన్నొవె తల్లికి,

నీ ఉత్తరం శుక్రవారం పడవలో వచ్చింది. కడుపుతో ఉన్నానన్న మాట మూడో పేజీలోనా రాసేది? మొదటి రెండు పేజీల నిండా అక్కడి వానలూ, మీ అత్తగారి మోకాళ్ల నొప్పులూ! నేను కళ్లద్దాలు తుడుచుకుంటూ చదివీ చదివీ విసిగిపోతుంటే, చివర్లో ఇంట్లో ఉప్పు నిండుకుందన్నట్టు, "ఏప్రిల్‌లో మాకు బిడ్డ పుడుతుంది" అని ఒక్క ముక్క. చిన్నప్పట్నుంచీ నీది అదే వరస. వేలికి గాలం గుచ్చుకున్న రోజు కూడా భోజనాలయ్యాక చెప్పావు.

సంతోషం తల్లీ. మీ అమ్మ, మా చెల్లెలు, బతికుంటే ఈపాటికి మేజోళ్లు అల్లడం మొదలుపెట్టేది. అది పోయి నిన్ను నా ఇంటికి తెచ్చుకున్నప్పుడు నువ్వు నా నడుం దాకా కూడా లేవు. దాని వంతు కూడా నేనే అల్లుతున్నాను.

ఇక్కడ బంగాళాదుంపలు తవ్వడం అయిపోయింది. బడికి కొత్త పంతులమ్మ వచ్చింది. దక్షిణాది పిల్ల, పేరు తూరి. చివర 'ద' రాసుకుంటుంది గాని పలకదు. ఆ మాత్రం తెలిసినదే. మన మేడమీది గదిలో ఉంటోంది. మొన్న నేను వాకిట్లో చేపలు శుభ్రం చేస్తుంటే, ఈ పిల్ల పడవల షెడ్డు తలుపు దగ్గర నిలబడి, మీ అన్న చెక్కుకున్న పేరు పైకి చదివింది. "గ్యెర్ముండ్! ఎవరండీ ఈయన?" అని కేక.

కత్తి చేతిలో ఉందన్న ధ్యాస కూడా లేకుండా పరిగెత్తాను. పాపం, బెదిరిపోయింది. "అమ్మాయ్, రెండు తప్పులు చేశావు" అన్నాను. "ఒకటి, ముందున్న 'గ', చివరున్న 'డ' రాతకే గాని నోటికి కాదు. యెర్మున్. మా అబ్బాయి. చలికాలం చేపల వేటకి వెళ్లిన పడవతోపాటే పోయాడు. మనిషి దొరకలేదు. రెండు, సముద్రంలో పోయినవాడి పేరు ఈ దీవిలో గడప బయట పలకరు. ఇంట్లో ఎంతైనా తలుచుకోవచ్చు. బయట పిలిస్తే నీళ్లలోంచి ఏదో లేచి వస్తుంది, వచ్చేది మాత్రం వాడు కాదు. ఆ పేరు మళ్లీ ఒక పసిబిడ్డకి పెట్టాకే వాకిట్లో పిలవాలి."

"అయితే ఎవర్నైనా పెట్టమని అడగొచ్చుగా అండీ?" అంది. పిచ్చిపిల్ల! అలా అడక్కూడదు. కడుపుతో ఉన్న మనిషి కల్లోకి పోయినవాడే వచ్చి అడగాలి.

ఐదేళ్లు దాటింది. సాయంత్రం బంగాళాదుంపలు ఉడకగానే అలవాటుగా వాకిట్లోకి వెళ్తాను, నోరు తెరుస్తాను, మూసుకుని లోపలికొస్తాను. ఒక్కసారి గొంతెత్తి వాణ్ణి భోజనానికి పిలవాలని ఎంత ఉందో నీకు చెప్పలేను.

నేనేమీ అడగడం లేదు సుమా. పంతులమ్మ సంగతి రాశానంతే.

నీ పెద్దమ్మ,
బోర్గిల్

మీ ఆయన నీ పేరైనా సరిగ్గా పిలుస్తున్నాడా?

*

స్వెన్‌బోర్, డెన్మార్క్
2 నవంబరు 1956

పెద్దమ్మా,

తిట్టావుగా, ఇప్పుడు కడుపు నిండింది. మూడో పేజీలో రాయడానికి కారణం సిగ్గు. నీకు చెప్పాలంటే ఇంకా సిగ్గే నాకు.

నువ్వడిగావు కాబట్టి చెప్తున్నాను. ప్రేబెన్ నా పేరు పలకాలని చూస్తాడు, పాపం, మధ్యలో జారిపడతాడు. అత్తగారైతే 'సునౌ' అంటుంది, పిల్లిని పిలిచినట్టు. రొట్టెల కొట్టావిడ కూడా అంతే. వచ్చిన కొత్తలో సరిదిద్దేదాన్ని. "అదే కదమ్మా అన్నాను, సునౌ అని" అనేవాళ్లు. తర్వాత మానేశాను. మొన్న చేపల రేవులో ఎవరో కొత్తావిడ పేరడిగితే నా నోటితో నేనే "సునౌ" అని చెప్పాను. చెప్పి, ఇంటికొచ్చి, కోటైనా విప్పకుండా కూర్చుని ఏడ్చాను. నా పేరు నా చెవిన పడి నాలుగేళ్లయింది పెద్దమ్మా. నువ్వు మెట్ల మీద నిలబడి మూడక్షరాలూ విడివిడిగా పిలిచేదానివే, అది వినాలని ఉంది. ఈ ఊళ్లో సముద్రం ఉంది, చేపలున్నాయి, మంచి మనుషులున్నారు. ఆ పిలుపు లేదంతే.

ఇంకో సంగతి, ఈసారి మూడో పేజీ దాకా ఆగలేదు చూడు. పోయిన ఆదివారం నాకు కల వచ్చింది. మన వంటింట్లో ఉన్నాను. అన్నయ్య తలుపు తోసుకుని లోపలికొచ్చి పొయ్యి పక్కన నిలబడ్డాడు. బూట్లు తడిసి ఉన్నాయి, నేల మీద నీళ్లు కారుతున్నాయి. నా కడుపు వంక చూసి, అడుగుతున్నట్టు నవ్వాడు.

నీకు వేరే విడమర్చి చెప్పాలా? మగబిడ్డయితే ఆ పేరే. ఆడపిల్లయితే మనవాళ్లు పెట్టుకునే తోక తగిలించి పెడతాం. ప్రేబెన్ సరేనన్నాడు.

నీ సిన్నొవె

*

హెస్ట్‌వోయ
25 నవంబరు 1956

నా తల్లీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి పైకి చదివాను, తలుపులేసుకుని.

బూట్లతో వచ్చాడా? వంటింట్లోకి, పొయ్యి దాకా, బూట్లతోనే? సరిగ్గా చూశావా? ఏ బూట్లు? సరేలే, కల కల్లాగే ఉంటుంది. ఊరికే అడిగాను.

ఇప్పుడు అసలు పని. మీ ఇంట్లోవాళ్లకి పేరు నేర్పాలి, ఇంకా ఐదు నెలలే ఉంది. డెన్మార్క్ వాళ్ల సంగతి నాకు తెలుసు, ఉడికిన బంగాళాదుంప నోట్లో పెట్టుకుని మాట్లాడతారు. ముందు అది ఉమ్మెయ్యమని చెప్పు మీ ఆయనకి. 'గ' వైపు చూడనే వద్దని చెప్పు. 'యెర్' అనేటప్పుడు నోరు బాగా తెరవాలి, డాక్టరుకి గొంతు చూపించినట్టు. అంతవరకూ ఎవరైనా నేర్చుకుంటారు. చిక్కంతా రాగం దగ్గరే.

మన వాకిటి మెట్లు గుర్తున్నాయిగా? 'యెర్' అన్నప్పుడు ఒక మెట్టు దిగాలి, 'మున్' అన్నప్పుడు ఆ మెట్టు ఎక్కాలి. దిగి అక్కడే చతికిలబడితే అది వాడి పేరు కాదు, ఎవరో అప్పడిగి పోయినవాడి పేరులా ఉంటుంది. ఎక్కి తీరాలి. దూరాన ఉన్నవాణ్ణి పిలిచేటప్పుడైతే ఎక్కిన మెట్టు మీద కాసేపు నిలబడాలి, గాలి అందుకునేదాకా.

కాగితం మీద నాకు ఇంతకంటే చేతకాదు. సరిగ్గా రాశానా లేదా అని ఇంట్లోనే ఒకసారి అని చూసుకున్నాను. మేడమీంచి పంతులమ్మ "పిలిచారా అండీ?" అంటూ దిగొచ్చింది. దానికి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి నేర్పాను. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, గంటలో పట్టేసింది.

పాలు తాగు. ఆ ఊరి నల్లరొట్టె ఎక్కువ తినకు, గుండెల్లో మంట.

నీ పెద్దమ్మ

*

స్వెన్‌బోర్
14 జనవరి 1957

పెద్దమ్మా,

నీ మెట్లు ఇక్కడ ఎంత పని చేశాయో తెలుసా! ప్రేబెన్ పడవల కార్ఖానా నుంచి వచ్చి, చేతికున్న తారు కడుక్కోగానే మా ఇంటి లోపలి మెట్ల మీదికి వెళ్తాడు. 'యెర్' అని దిగుతాడు, 'మున్' అని ఎక్కుతాడు. కింది వాటాలో ముసలాయన తలుపు తీసి, "ఏం పోగొట్టుకున్నావయ్యా?" అని అడిగాడు. "పేరు వెతుకుతున్నానండీ" అన్నాడు మా ఆయన. అత్తగారు మోకాళ్లకి రాసుకునే నూనె తెచ్చి చేతికిచ్చింది, తన నొప్పే కొడుక్కీ వచ్చిందనుకుని.

బూట్ల సంగతి అడిగావు. గోధుమ రంగువి, మోకాళ్ల దాకా ఉన్నాయి. నాచు కూడా అంటుకుని ఉంది.

ఇక్కడ ఓ గొడవ వచ్చింది. అత్తగారు తన పెనిమిటి పేరు పెట్టాలంటోంది, ఆక్సెల్ అని. ఆయన పోయి రెండేళ్లేగా. "మీ అన్న మంచివాడే కావచ్చు సునౌ, ఈ పేరుతో బిడ్డ బళ్లోకెళ్తే పిల్లలు బతకనిస్తారా?" అంది. నాకు ఒళ్లు మండింది. కానీ నాకూ ఒక భయం పట్టుకుంది పెద్దమ్మా. ఈవిడే నిన్న ఆ పేరు పలికింది, 'గ' తోటీ 'డ' తోటీ. గిన్నె కిందపడ్డట్టు వినపడింది. నా పేరు నలిగిపోయింది, సరే, అలవాటు పడ్డాను. అన్నయ్య పేరు కూడా రోజుకి వందసార్లు అలా నలుగుతుంటే వినగలనా? పెట్టి పాడుచేసుకోవడం కంటే పెట్టకుండా దాచుకోవడమే మేలేమో అనిపిస్తోంది. నువ్వేమంటావు? నువ్వెలా అంటే అలా.

నీ సిన్నొవె

*

హెస్ట్‌వోయ
10 ఫిబ్రవరి 1957

సిన్నొవెకి,

ఉత్తరం అందింది. మంచు వల్ల పడవ రెండు వారాలు రాలేదు.

ఆక్సెల్ మంచి పేరు. రాసినట్టే పలకొచ్చు. ఎవరూ మెట్లెక్కి దిగక్కర్లేదు, ఎవరి మోకాళ్లకీ నూనె ఖర్చు లేదు. మా పేర్లు మీ ఊరి నోళ్లకి బరువని తెలియక ఏదో రాశాను. ముసలిదాన్ని, ఏమీ అనుకోకు.

మేజోళ్లు మూడు జతలు పంపుతున్నాను. పేరు ఏదైనా కాళ్లకి చలి ఒకటే.

బోర్గిల్ హెస్ట్‌వోయ

*

స్వెన్‌బోర్
28 ఏప్రిల్ 1957

పెద్దమ్మా,

పూర్తి పేరుతో సంతకం చేశావు! సర్కారు ఉత్తరం అనుకున్నాను. దాచుకుందామా అంటే మోయలేనని కాదు పెద్దమ్మా, ముద్దుకొద్దీ అన్నాను. నువ్వు దాన్ని సిగ్గుపడుతున్నామని చదివావు. నేను పక్కనుంటే నా మొహం చూసి తెలుసుకునేదానివి. కాగితానికి మొహం లేదు.

అది చదివి ప్రేబెన్ ఏమన్నాడో తెలుసా? "చలికాలమంతా నేను మెట్లెక్కి దిగింది ఆక్సెల్ కోసమా?" అన్నాడు. అంతే, ఆ మాటతో పేరు ఖాయమైపోయింది.

ఏప్రిల్ ఆరున ఆడపిల్ల పుట్టింది. నాకు కాన్పు సులువుగానే అయింది, భయపడకు. ఇవాళ బాప్తిస్మం చేయించాం. యెర్మున్‌కి తోక తగిలించి యెర్మున్‌ఈనె అని పెట్టాం. ఆ తోక చర్చి పుస్తకానికే. ఇంట్లో ఉత్త యెర్మునే.

చర్చిలో జరిగింది విను. పాస్టరుగారు చేతిలో నీళ్లు పట్టుకుని, కాగితం చూసి, "గ్యెర్ముండినె" అన్నాడు. ఇక అయిపోయింది, దేవుడి పుస్తకంలో కూడా ఇంతే అనుకున్నాను. అప్పుడు ప్రేబెన్, పదిమందిలో నోరు విప్పి ఎరగని మనిషి, "క్షమించాలి, అలా కాదండీ" అన్నాడు. అక్కడ మెట్లెక్కడున్నాయి? మోకాళ్లు వంచి 'యెర్' అన్నాడు, లేచి 'మున్' అన్నాడు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పాస్టరుగారు మాత్రం నవ్వలేదు. నీళ్లచెయ్యి అలాగే పట్టుకుని, తనకి తెలియకుండానే కాస్త మోకాళ్లు వంచి, లేచి, పేరు పలికాడు. సరిగ్గా పలికాడు పెద్దమ్మా! మన మెట్ల మీంచి విన్నట్టే ఉంది. నాకు దుఃఖం ఆగలేదు.

అత్తగారు అక్కడ తెల్లమొహం వేసింది. ఇంటికొచ్చాక చూస్తే వంటింట్లో బల్ల పట్టుకుని ఒక్కతే మోకాళ్లు వంచుతోంది. నన్ను చూసి గరిటె వెతుకుతున్నానంది.

ఇక నువ్వు వాకిట్లోకి వెళ్లొచ్చు.

నీ సిన్నొవె

*

స్వెన్‌బోర్
2 జూన్ 1957

పెద్దమ్మా,

ఐదు వారాలైంది, నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. ఒంట్లో బాగుందా? లేకపోతే నీకు తెలిసిపోయిందా?

పాప ఏడుస్తోంది. పాలు తాగి ఏడుస్తుంది, ఎత్తుకుంటే ఏడుస్తుంది, దించితే ఏడుస్తుంది. డాక్టరు ఏమీ లేదంటాడు. నాకు మాత్రం మన దీవి మాటలే గుర్తొస్తున్నాయి. తనది కాని పేరు పెడితే బిడ్డ ఊరుకోదంటారు కదా.

ఇంక మోయలేను. నాకు ఆ కల రాలేదు పెద్దమ్మా. నీ ఉత్తరం చదివాక రోజూ పడుకునేముందు రమ్మని బతిమాలేదాన్ని. రాలేదు. నువ్వు అడక్కూడదు, వాడు రాడు. నువ్వు వాకిట్లో నోరు తెరిచి మూసుకుంటున్నావని రాశావే, అది చదివి ఊరుకోలేకపోయాను. కూర్చుని కల రాసేశాను. నువ్వు బూట్ల సంగతి అడిగేసరికి భయపడి, రంగు కలిపాను, నాచు కలిపాను. చచ్చిపోయినవాణ్ణి అడ్డం పెట్టుకుని నీకు అబద్ధం చెప్పాను. జనవరిలో పేరు వద్దేమో అన్నది కూడా సగం ఆ భయంతోనే.

నువ్వు వాకిట్లో పిలిచేశావా? పిలిచి ఉంటే ఏమైనా కీడు వస్తుందా? పిలవకపోతే ఇక పిలవకు. నన్ను తిట్టు. తిట్టయినా రాయి.

సిన్నొవె

*

హెస్ట్‌వోయ
16 జూన్ 1957

నా పిచ్చితల్లీ,

రాయలేదనకు. మూడుసార్లు రాశాను, మూడుసార్లూ చించాను. ఆ చర్చి ఉత్తరానికి ఏం జవాబు రాయాలో తెలియలేదు. ఏం రాసినా చిన్నదిగా కనిపించింది.

ముందు పాప సంగతి. నువ్వు పుట్టినప్పుడు ఐదు నెలలు ఏడ్చావు. మా చెల్లెలూ నేనూ వంతులేసుకుని ఎత్తుకుని తిరిగాం. నీకు సరైన పేరే పెట్టారు. పొట్ట మీద వెచ్చటి గుడ్డ వెయ్యి, బోర్లా పడుకోబెట్టుకో. పేరు జోలికి పోకు.

ఇక కల. అది నీకు రాలేదని నాకు నవంబరులోనే తెలుసు.

నీ ఉత్తరం చదివి మొదట నాకు అసూయ పుట్టింది. నిజం చెప్తున్నాను. కన్నతల్లిని, ఐదేళ్లుగా ఎదురుచూస్తున్నాను, నా కల్లోకి ఒక్కసారైనా రానివాడు, డెన్మార్క్ దాకా వెళ్లి దీని కల్లోకి వచ్చాడా అని. రెండోసారి చదివితే బూట్లు కనబడ్డాయి. యెర్మున్ ఇరవై నాలుగేళ్ల బతుకులో ఒక్కనాడూ బూట్లతో ఆ గడప దాటలేదు. ఏడేళ్లప్పుడు ఒకసారి దాటబోయాడు, వాడి వీపు విమానం మోత మోగించాను. అప్పట్నుంచీ మూడో మెట్టు మీద విప్పి, చెమ్మ మేజోళ్లతో లోపలికొచ్చేవాడు. నువ్వు ఆ మేజోళ్లు చూసి ముక్కు మూసుకునేదానివి. నాలుగేళ్లు దూరంగా ఉండి అది మర్చిపోయావు. బూట్లతో పొయ్యి దాకా! కలలోనైనా వాడికి అంత ధైర్యమా!

అప్పుడు నవ్వాను. నవ్వి, ఏడ్చి, నువ్వు నా కోసం ఏం చేశావో అర్థం చేసుకుని కళ్లు తుడుచుకున్నాను. బూట్లేవని అడిగాను, నువ్వే ఒప్పుకుంటావేమోనని. నువ్వు నాచు కూడా అంటించి పంపావు. సరే, నాకూ ఆ అబద్ధం కావాల్సి వచ్చింది, ఊరుకున్నాను. ఫిబ్రవరిలో నాకు కోపం వచ్చింది అబద్ధానికి కాదు. దాన్ని వెనక్కి లాక్కుంటున్నావని.

వాడు రాలేదు సిన్నొవె. రాడు. వాడి బదులు నువ్వు అడిగావు. నాకు చాలు.

పిలిచావా అని అడిగావు. నీ చర్చి ఉత్తరం వచ్చిన సాయంత్రం బంగాళాదుంపలు ఉడికాయి. ఏప్రన్ విప్పేసి, జుట్టు సవరించుకుని, వాకిట్లోకి వెళ్లాను. పై మెట్టు మీద నిలబడ్డాను. నోరు తెరిస్తే గొంతు రాలేదు. ఆరేళ్లయిపోయింది కదా. పేరు పాడైపోయిందేమో, నాకే రాదేమో అని భయం వేసింది. ఒక మెట్టు దిగాను. అక్కడ నిలబడి 'యెర్' అన్నాను. ఎక్కాను. 'మున్' అన్నాను. తర్వాత రేవు దాకా, అవతలి రాళ్ల దాకా వినపడేలా పిలిచాను. మూడుసార్లు పిలిచాను. పక్కింటివాళ్లు కిటికీలు తీశారు, టోపీలు తీసి నిలబడ్డారు. నీళ్లలోంచి ఏదీ లేవలేదు.

పంతులమ్మ మేడ దిగి వచ్చింది. "ఎవర్ని పిలుస్తున్నారండీ?" అంది మెల్లిగా. నాకు మతి చలించిందనుకుంది కాబోలు.

"మా మనవరాల్ని. భోజనానికి."

"ఎక్కడుందండీ?"

"డెన్మార్క్‌లో."

"మరి... వినపడదు కదండీ."

"వినపడకపోతేనేం. ఇదైతే ఎప్పటికైనా వస్తుంది" అన్నాను.

అప్పుడు కూర్చుండిపోయాను తల్లీ, మూడో మెట్టు మీద. ఇన్నేళ్లూ నేను ఏడవంది అదొక్కటే, పిలిస్తే రాడని. ఆ ఒక్కటీ ఆ సాయంత్రం ఏడ్చేశాను. పంతులమ్మ లోపలికెళ్లి బంగాళాదుంపలు మాడకుండా దించింది.

ఆగస్టులో రండి. నిన్ను కూడా మూడక్షరాలతో పిలుస్తాను, నీ చెవులు నిండేదాకా. మీ అత్తగారు వస్తానంటే తీసుకురా, మెట్లు కొంచెం ఎత్తని మాత్రం ముందే చెప్పు. పాపకి ఎర్ర మేజోళ్లు అల్లాను. ప్రేబెన్‌ని బూట్లు మూడో మెట్టు మీద విప్పమను.

నీ పెద్దమ్మ